పెద్ద విషం ఏది అత్తా?

పోయినేడు మా చెల్లి కూతురి బారసాలలో అందరి ముందూ అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాను. ఆ చేతిలో బంగారు ఉంగరం, ఉంగరం అంచున తేనె బొట్టు. ఇరవై ఒక్క రోజుల పిల్ల అప్పటికే నోరు తెరిచేసింది.

"నీకూ ఇదే ఉంగరంతో నాకించాను. ఏం, బతికి లేవా?" అంది అమ్మ, చెల్లి అత్తగారికి వినబడేలా.

గబుక్కున జవాబు దొరకలేదు. ముగ్గురు పిల్లలకి నాకించింది, ముగ్గురమూ గుండ్రాయిల్లా ఉన్నాం. ఆవిడ లెక్క ఆవిడకి ఉంది. నేనేమో పన్నెండేళ్లుగా హైదరాబాదులో శామీర్‌పేట వైపు ఒక ల్యాబ్‌లో విషాలు కొలిచే పనే చేస్తున్నాను. కానీ పట్టుచీర కట్టుకుని, గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని, తేనె వల్ల పసిపిల్లలకి రాగల బొట్యులిజం అనే జబ్బు గురించి ఉపన్యాసం ఇవ్వడం మాటలు కాదు. పాలకి ఏడుస్తోందంటూ చెల్లి పాపని ఎత్తుకుని లోపలికి పోవడంతో గొడవ అక్కడికి ఆగింది. సాయంత్రం దాకా అమ్మ నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఇంట్లో ఉండబుద్ధికాక నాన్న దుకాణానికి వెళ్లి కూర్చున్నాను. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో నాన్నకి ఎరువులు, పురుగు మందుల కొట్టు ఉంది. నేను పుట్టిన ఏడాదే పెట్టాడు. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. ఇప్పటికీ ఎక్కడైనా కుళ్లిన వెల్లుల్లి కంపు తగిలితే చాలామంది ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం ఇల్లు గుర్తొస్తుంది. నాన్న టీ గ్లాసు మీద ఎప్పుడూ సాసర్ బోర్లించి ఉంటుంది. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు నాలిక మీద పెట్టుకోడు, పక్కన తడి స్పాంజి ఉంటుంది. టాక్సికాలజీలో నేను నేర్చుకున్న మొదటి పాఠాలు ఈ రెండే అనుకుంటా.

మా అన్నయ్య కొడుకు ఎనిమిదో తరగతి. బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతూ అరల్లో డబ్బాల మీది రంగులు లెక్కపెడుతున్నాడు. ఎరుపు ఎన్ని, పసుపు ఎన్ని, నీలం ఎన్ని, ఆకుపచ్చ ఎన్ని. ఉన్నట్టుండి అడిగాడు.

"అత్తా, ప్రపంచం మొత్తంలో అన్నిటికన్నా పెద్ద విషం ఏది?"

"బొట్యులినమ్ టాక్సిన్."

"తాతయ్య కొట్లో ఉందా?"

"లేదు. దాన్ని పుట్టించే విత్తనాలు మాత్రం నిన్న మీ నాయనమ్మ పాపకి నాకించబోయిన తేనెలో ఉండే అవకాశం ఉంది."

వాడు బల్ల దిగి ఇంటికి పరిగెత్తాడు. వాడు వెళ్లి అమ్మతో ఏం చెప్పుంటాడో మీరు ఊహించుకోవచ్చు. నాతో మౌనం ఇంకో రెండు రోజులు సాగింది.

వాడికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్న నన్ను ఏడాదికి పదిసార్లు ఎవరో ఒకరు అడుగుతారు. నేను చేసే పని ఏమిటో చెప్పగానే పెళ్లిళ్లలో, రైళ్లలో, డెంటిస్టు కుర్చీలో కూడా ఇదే ప్రశ్న.

డబ్బాల మీది రంగులతో మొదలుపెడతాను. పురుగు మందు డబ్బా చూస్తే, మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక. ఎరుపు పైన పుర్రె, ఎముకలు, 'పాయిజన్' అన్న మాట. పసుపు పైన పుర్రె ఉండదు, 'పాయిజన్' ఉంటుంది. నీలానికి 'డేంజర్', ఆకుపచ్చకి 'కాషన్'. ఇది 1971 నాటి కీటకనాశినుల నిబంధనల్లో ఉంది. రంగు ఎవరో కళ్లతో చూసి నిర్ణయించింది కాదు. ఎల్‌డీ-50 అనే ఒక అంకెని బట్టి వస్తుంది. నోటి ద్వారా ఇచ్చినప్పుడు, జంతువు శరీరం బరువులో కిలోకి ఎన్ని మిల్లీగ్రాములు ఇస్తే సగం జంతువులు చనిపోతాయో ఆ మోతాదు. 1 నుంచి 50 అయితే ఎరుపు, 51 నుంచి 500 పసుపు, 501 నుంచి 5000 నీలం, 5000 దాటితే ఆకుపచ్చ. అంకె ఎంత చిన్నదైతే విషం అంత పెద్దది. మొదట్లో అందరూ దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు, నేనూ చేసుకున్నాను.

సగం ఎందుకు? అన్నీ చచ్చేంత అని ఎందుకు పెట్టలేదు? దీనికి ఇంగ్లండ్‌లో ట్రెవన్ అనే ఆయన 1927లో సమాధానం చెప్పాడు. అప్పట్లో డిజిటాలిస్ లాంటి మందులకి ఏ సీసాలో ఎంత బలం ఉందో తెలుసుకోవడానికి జంతువుల మీదే పరీక్షించేవాళ్లు. చంపడానికి కనీసం ఎంత కావాలి అని చూసేవాళ్లు. ఆ అంకె ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి వచ్చేది కాదు.

మావాడికి దీన్ని పండుమిరపకాయ పచ్చడితో చెప్పాను. పెళ్లి భోజనాల్లో వంద మంది కూర్చున్నారు. పచ్చడి వడ్డించారు. మొదట చెమట పట్టిన మనిషిని చూసి పచ్చడి కారం ఎంతో చెప్పగలవా? ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త అల్లుడై ఉండొచ్చు. ఆఖరి దాకా చెమట పట్టని మనిషిని చూసి చెప్పగలవా? ఆయన మా పెదనాన్న అయి ఉండొచ్చు, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ మజ్జిగన్నం తినే రకం. ఈ చివరా ఆ చివరా ఉన్నవాళ్లు తమ గురించే చెప్తారు. సరిగ్గా యాభై మందికి చెమట పట్టాలంటే ఎంత వడ్డించాలి అన్నది మాత్రం పచ్చడి గురించి చెప్తుంది, పంక్తిలో మనుషులు మారినా పెద్దగా మారదు. ట్రెవన్ చేసింది ఇదే. చెమట బదులు చావు.

"అయితే ఉప్పుకి కూడా అంకె ఉంటుందా?"

ఉంటుంది. ఎలుకకి నోటి ద్వారా ఉప్పు ఎల్‌డీ-50 దాదాపు 3000. అంటే నాన్న కొట్లో ఉప్పు ప్యాకెట్ పెడితే నీలం రంగు, 'డేంజర్'. కాఫీలో ఉండే కెఫీన్ 190 చిల్లర, పసుపు రంగు, 'పాయిజన్'. చక్కెర ఆకుపచ్చ. అన్నిటికన్నా నాకు ఇష్టమైనది విటమిన్ డి3. అది 42. ఎరుపు, పుర్రె, ఎముకలు అన్నీ. కొన్ని ఎలుకల మందుల్లో వాడేదీ అదే. అమ్మకి డాక్టరు రాసిచ్చిన డి3 పొట్లం, వారానికి ఒకసారి పాలల్లో కలుపుకునేది, దాని మీద 60,000 యూనిట్లు అని ఉంటుంది. ఆ అరవై వేలు కలిపితే ఒకటిన్నర మిల్లీగ్రాములు. పొట్లంలో మిగతాదంతా చక్కెర లాంటి పొడి.

మావాడు వెంటనే తన బరువు నలభై కిలోలు అని చెప్పి గుణించడం మొదలెట్టాడు. ఆపేశాను. ఎలుక అంకెని మన బరువుతో గుణిస్తే మన అంకె రాదు. ఎందుకు రాదో కింద చెప్తాను.

ఇక బొట్యులినమ్. దాని అంకె మిల్లీగ్రాముల్లో రాయడం కుదరదు. కిలోకి సుమారు ఒక నానోగ్రాము, అంటే ఒక మిల్లీగ్రాములో పది లక్షల వంతు. ఎరుపు రంగు మొదలయ్యేది 1 మిల్లీగ్రాము దగ్గర కదా, అక్కడి నుంచి ఇంకా పది లక్షల రెట్లు కిందికి దిగాలి. కాగితం మీద లెక్క వేస్తే, ఒక బియ్యపు గింజ బరువున్న శుద్ధ టాక్సిన్ నేరుగా రక్తంలోకి వెళ్తే లక్ష మందికి పైగా సరిపోతుంది. ఇది మనిషి కనిపెట్టింది కాదు. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా చేస్తుంది. నరం నుంచి కండరానికి వెళ్లే కబురుని మధ్యలో కత్తిరించేస్తుంది. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. 1895లో బెల్జియంలో ఎల్‌జెల్ అనే పల్లెలో చావు మేళానికి వచ్చిన వాయిద్యగాళ్లు 34 మంది పంది తొడ మాంసం తిన్నారు, ముగ్గురు చనిపోయారు. వాన్ ఎర్‌మెంగమ్ అనే ప్రొఫెసర్ ఆ మాంసంలోంచే ఈ బ్యాక్టీరియాని పట్టుకున్నాడు.

తేనెలో ఉండేది టాక్సిన్ కాదు, ఆ బ్యాక్టీరియా స్పోర్లు. విత్తనాల్లాంటివి. మనబోటి వాళ్లు తింటే పేగుల్లో ఇప్పటికే కాపురం ఉన్న కోట్ల బ్యాక్టీరియా వాటిని మొలకెత్తనివ్వదు. ఏడాది నిండని పిల్లల పేగుల్లో ఆ కాపలా ఇంకా తయారవదు. అక్కడ మొలిచి టాక్సిన్ చేయడం మొదలెడతాయి. పసిపిల్లల్లో ఇలా జరుగుతుందని 1976లో కాలిఫోర్నియాలో గుర్తించారు. చాలా అరుదు, నిజమే. అన్ని తేనెల్లోనూ స్పోర్లు ఉండవు, ఉన్నా ప్రతి పిల్లకీ రాదు. అందుకే మా ముగ్గురికీ రాలేదు. అమ్మతో వాదించడం కష్టమైంది కూడా అందుకే. మూడు ప్రయోగాలు చేసి, ఏం కాలేదు కాబట్టి ఏం కాదు అనడం తప్పని మా ల్యాబ్‌లో ఎవరైనా ఒప్పుకుంటారు. అమ్మ ఒప్పుకోదు.

ఇదే టాక్సిన్ మా పిన్ని చెంపలోకి నాలుగు నెలలకోసారి ఎక్కుతుంది. ఆవిడకి మొహం ఎడమ పక్క కన్ను దగ్గర నుంచి పెదవి దాకా దానంతటది కొట్టుకుంటూ ఉండేది. ఎవరో కన్ను కొడుతోందని అపార్థం చేసుకున్నారని ఏడ్చేది, మేం నవ్వేవాళ్లం. ఇప్పుడు సూది వేయించుకుని హాయిగా ఉంది. ఆ సీసా మీద 100 యూనిట్లు అని రాసి ఉంటుంది. యూనిట్ అంటే ఏమిటని ఒకసారి పిన్ని అడిగింది. చెప్పాలా వద్దా అనిపించింది. కొన్ని చిట్టెలుకల కడుపులోకి ఎక్కిస్తే వాటిలో సగాన్ని చంపేంత మోతాదు ఒక యూనిట్. అంటే ట్రెవన్ గారి సగం చావే ఆ మందుకి కొలబద్ద. ఇప్పుడు కొందరు తయారీదారులు ఎలుకలు లేకుండా కణాల మీదే కొలుస్తున్నారు, 2011 నుంచి అమెరికాలో దానికి అనుమతి ఉంది. పిన్నికి ఇదంతా చెప్పలేదు. "కొలత పేరు పిన్నీ" అని ఊరుకున్నాను.

నా పని గురించి కాస్త. బయటివాళ్లు అనుకునేంత భయంకరంగా ఉండదు, నేను మొదట అనుకున్నంత శుభ్రంగా కూడా ఉండదు. ముందు రాత్రి ఎలుకల మేత తీసేస్తాం, నీళ్లు ఉంచుతాం. పొద్దున్నే ఒక్కోదాన్నీ తూచి, బరువుని బట్టి మోతాదు లెక్కవేసి, చివర గుండు ఉన్న మొద్దు సూదితో నేరుగా పొట్టలోకి పోస్తాం. తరవాత చూడటం. మొదటి అరగంట మనం అక్కడి నుంచి కదలకుండా చూస్తూ ఉండాలి, ఆపైన నాలుగు గంటల దాకా మధ్యమధ్యలో, ఆ తరవాత రోజూ, పద్నాలుగు రోజులు. నోట్‌బుక్‌లో రాసేవి: వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, చొంగ కారడం, తూలు నడక, ఒక మూలకి ముడుచుకుని కూర్చోవడం. వెనకటి పద్ధతిలో ఒక్క అంకె కోసం పదుల కొద్దీ ఎలుకలు పోయేవి. ఆ పద్ధతిని 2002 చివర్లో అంతర్జాతీయ మార్గదర్శకాల నుంచి తీసేశారు. ఇప్పుడు మూడేసి ఎలుకలతో మెట్టు మెట్టుగా వెళ్తాం: 5, 50, 300, 2000. ఏ మెట్టు దగ్గర పోతున్నాయో చూసి, ఏ తరగతో చెప్పి ఆగిపోతాం. సరిగ్గా అంకె తేల్చాల్సిన పని లేదు.

చేరిన కొత్తలో ఒక ఎలుక ఉండేది. తోక మీద రెండు గీతలు. మోతాదు ఇచ్చిన మూడో రోజు నుంచి దాని వెనక కాళ్లు పనిచేయలేదు. ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ నీళ్ల సీసా దాకా వచ్చేది. పద్నాలుగో రోజు బతికే ఉంది. దాని స్థితి అంతా నోట్‌బుక్‌లో రోజువారీగా రాశాను. కానీ అంకె లెక్కించే పట్టికలో రెండే గడులు ఉన్నాయి, చనిపోయినవి, బతికినవి. అది 'బతికినవి' గడిలోకి వెళ్లింది. పక్కన బరువు పెరిగి కులాసాగా తిరుగుతున్న ఎలుకా, ఇదీ ఒకే గడి. ఎల్‌డీ-50 గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే నాకు ఆ రెండు గీతల తోక గుర్తొస్తుంది.

ఏ దారిలో లోపలికి వెళ్లింది అన్నది కూడా అంకెలోనే దాక్కుని ఉంటుంది. ఆముదం గింజ చూడండి. రైసిన్ అనే విషం అందులోదే. 1978లో లండన్‌లో గియోర్గి మార్కోవ్ అనే బల్గేరియా రచయితని, గుండుసూది తలంత గోళీని తొడలోకి గుచ్చి చంపింది దానితోనే అని చెప్తారు. అదే రైసిన్ నోటి ద్వారా వెళ్తే ఎలుకని చంపడానికి దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ కావాలి. మరి మా నాయనమ్మ తరంలో ఆముదం పట్టని పసిపిల్ల ఉందా? రైసిన్ నూనెలో కరగదు, పిండిలోనే ఉండిపోతుంది. పైగా నాయనమ్మ వంటాముదం చేసేది. గింజలు వేయించి, దంచి, నీళ్లు పోసి గంటలకొద్దీ ఉడికించి, పైకి తేలిన నూనెని తెడ్డుతో తీసేది. రైసిన్ ఒక ప్రొటీన్, అంత వేడికి చచ్చిపోతుంది. మిగిలిన పిండిని గొడ్లకి అందకుండా గొయ్యి తీసి పూడ్చేది. ఎందుకని అడిగితే "గొడ్డు పోద్దే" అనేది. ప్రొటీన్ అనే మాట ఆవిడ జన్మలో విని ఉండదు.

ఇక ఏ జంతువు అన్నది. డయాక్సిన్ అని ఒక రసాయనం ఉంది. గినీపిగ్‌కి కిలోకి ఒక మైక్రోగ్రాము దగ్గరే ప్రాణం పోతుంది. హ్యామ్‌స్టర్‌కి వెయ్యి రెట్లకు పైగా ఇవ్వాలి. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. గినీపిగ్‌ని అడిగితే డయాక్సిన్ మహా విషం, హ్యామ్‌స్టర్‌ని అడిగితే మిగతా ఎర్ర డబ్బాల్లో అదీ ఒకటి. మనం ఎవరి పక్క? రెండిటిలో ఏదీ కాదు.

మనకి దగ్గరి ఉదాహరణ రాబందులు. మోకాళ్ల నొప్పికి నాన్న వేసుకునే డైక్లోఫినాక్ మాత్ర మనకి మహా అయితే కడుపులో మంట. అదే మందు గొడ్లకి వేసేవాళ్లు. ఆ గొడ్డు చచ్చాక కళేబరం తిన్న రాబందులకి మూత్రపిండాలు దెబ్బతిని, లోపలి అవయవాల మీద తెల్లగా సున్నం కొట్టినట్టు యూరిక్ యాసిడ్ పేరుకుపోయి చనిపోయాయి. ఆకాశంలో గుంపులు గుంపులుగా కనిపించే పక్షి పదిహేనేళ్లలో దాదాపు మాయమైంది. కారణం ఈ మాత్రే అని 2004లో తేలింది, 2006లో పశువులకి వాడటం ఆపమన్నారు. అంతకు ముందు ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించి ఉంటారు. రాబందుని అడగాలని ఎవరికి తడుతుంది?

పాముల విషయం ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఎలుక లెక్క ప్రకారం ప్రపంచంలో అత్యంత విషపు పాము ఆస్ట్రేలియాలోని ఇన్‌ల్యాండ్ తైపాన్. ఎడారిలో ఎక్కడో ఉంటుంది, దాని కాటుకి మనిషి చనిపోయిన దాఖలా లేదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుకి పోయినవాళ్లు 12 లక్షల మంది అని అంచనా. ఎక్కువమంది పోయిన రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. రక్తపింజరి ఆ పట్టికలో తైపాన్ కంటే ఎంతో కింద ఉంటుంది, మన వరి చేలగట్ల మీద మాత్రం ముందే ఉంటుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. 2020 మే 7. లాక్‌డౌన్ రోజులు. తెల్లవారుజామున విశాఖపట్నం నుంచి నా ఫ్రెండ్ ఫోన్. వాళ్లది గోపాలపట్నం. ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఫ్యాక్టరీలోంచి గ్యాస్ వస్తోందట, స్టైరీన్ అంటున్నారట, "నీకు తెలుసు కదా, అది ఎంత విషం?" అంది. నిద్ర మొహంతో ల్యాప్‌టాప్ తీసి చూశాను. ఎలుకకి, నోటి ద్వారా, 5000 దరిదాపులు. ఉప్పు కంటే పైన. "పెద్ద విషమేం కాదులే, కంగారుపడకు" అన్నాను.

ఉద్యోగంలో చేరి అప్పటికే ఏళ్లు అవుతోంది, అయినా ఆ మాట అన్నాను. స్టైరీన్‌ని అక్కడ ఎవరూ తాగలేదు. ట్యాంకులో వేడెక్కి ఆవిరై, గాలి కంటే బరువు కాబట్టి నేలబారున పాకుతూ, నిద్రపోతున్నవాళ్ల ఇళ్లలోకి వెళ్లింది. పీల్చేవాటికి వేరే కొలత ఉంది, గాలిలో ఎంత సాంద్రత, ఎన్ని గంటలు అని. ఆ గడిలో చూడాల్సింది ఈ గడిలో చూశాను. పొద్దెక్కేసరికి టీవీలో రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ కుప్పకూలిపోతున్న మనుషులు, నురగలు కక్కుతున్న గేదెలు. పన్నెండు మంది పోయారు. నా ఫ్రెండ్ నా మాట వినలేదు, తలుపు తాళం కూడా వేయకుండా పిల్లల్ని బండి మీద ఎక్కించుకుని సింహాచలం వైపు వెళ్లిపోయింది. ఆ తరవాత దాని గురించి ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మళ్లీ కొట్టుకి వస్తాను. మావాడు వెళ్లాక ఒక రైతు వచ్చాడు. మిరపకి లద్దెపురుగు పట్టిందట. నాన్న ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన సీసా తిప్పి రంగు చూశాడు.

"పచ్చదా బాబాయ్? ఇది ఆనదు. ఎర్రది ఇయ్యి."

నాకు తల తిరిగిపోయింది. నాన్నకి ఇది కొత్త కాదు, ముప్పై ఏళ్లుగా వింటున్నాడట. నిబంధన రాసినవాళ్లు ఆ రంగుని హెచ్చరిక అనుకుని పెట్టారు. రైతు దాన్ని బలం అని చదువుకుంటున్నాడు. కారం గుర్తు ఉన్న చిప్స్ ప్యాకెట్ లాగా. ఆ పచ్చ సీసాలో ఉన్నది క్లోరాంట్రానిలిప్రోల్. ఎలుకకి 5000 దాటినా ఏమీ కాదు. లద్దెపురుగుకి మాత్రం కండరాలు బిగుసుకుపోయి నోరు కదలదు, మేత ఆగిపోతుంది. రంగు ఎలుక మాట, పురుగు మాట అందులో లేదు. నాన్న ఇవేవీ చెప్పలేదు. "కొట్టి చూడు, ఆనకపోతే డబ్బులు వాపసు" అన్నాడు. అమ్మడం ఆయనకి తెలుసు.

తరవాత నేను అడిగాను, పైన పసుపు వరసలో గడ్డి మందు కనపడదేం అని. పారాక్వాట్ గురించి. అది పసుపు రంగే. ఎలుక లెక్కలో ఎర్ర మందుల కంటే మెతక. ఎర్ర మందుల్లో చాలావాటికి ఆసుపత్రిలో అట్రోపిన్ అని ఒక విరుగుడు ఉంటుంది, డాక్టర్లకి ఏదో ఒకటి చేయడానికి చేతిలో ఉంటుంది. దీనికి విరుగుడు లేదు, ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది. యూరప్‌లో 2007లోనే ఆపేశారు. ఈ తేడా ఏదీ ఆ పసుపు ముక్కలో కనపడదు.

"తేవడం మానేశాను" అన్నాడు నాన్న.

"ఎప్పుడు?"

మా ఊళ్లోనే ఒకరి పేరు చెప్పాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.

కాసేపటికి మావాడు తిరిగొచ్చాడు. వాడికి రోజూ ఒక పని ఉంటుందట కొట్లో. రైతులు వాడి పడేసిన ఖాళీ డబ్బాలు నాన్న వెనక్కి తెప్పించుకుంటాడు, డబ్బాకి రూపాయి ఇస్తాడు. మావాడు చేతులకి గ్లౌజులు తొడుక్కుని, పెరట్లో ఇటుక మీద పెట్టి ఒక్కోదానికీ మేకుతో నాలుగు బెజ్జాలు కొట్టాలి. నా చిన్నప్పుడు ఈ పని లేదు. ఖాళీ డబ్బాలు కడుక్కుని కిరోసిన్ పోసుకునేవాళ్లు, పెరుగు కూడా. 2013 జులైలో బీహార్ సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు ఉన్నట్టు తేలింది. ఆ వార్త చదివిన రోజు నుంచి నాన్న మేకు, సుత్తి పెట్టాడు. ఈ లెక్క ఏ పట్టికలోనూ లేదు. మందు ఎంత విషం అని కాదు, డబ్బా ఎంత గట్టిగా, ఎంత బాగుంది అన్నదే అక్కడ ప్రాణాల మీదికి వస్తుంది. నూనె పోసుకోవడానికి భలే ఉంటాయి ఆ డబ్బాలు, మూత కూడా బిగుతు.

మావాడు బెజ్జాలు కొడుతూ మళ్లీ అడిగాడు.

"అయితే రెండో పెద్ద విషం ఏది అత్తా?"

టెటనస్ టాక్సిన్ అని చెప్పాను, బొట్యులినమ్‌కి వరసకి చెల్లెలు అవుతుంది. "మేకు జాగ్రత్త" అని కూడా అన్నాను. వాడికి పోయిన నెలే బళ్లో టీకా వేశారట, జబ్బ చూపించాడు.

పాపకి మొన్న ఏడాది నిండింది. పుట్టినరోజుకి వాళ్లింటికి వెళ్లిన అమ్మ అక్కడి నుంచి నాకు ఫోన్ చేసింది. బారసాల గొడవ తరవాత తేనె మాట ఎత్తడం ఇదే మొదలు.

"ఏమే, ఇప్పుడు పెట్టొచ్చా?"

పెట్టమన్నాను. ఫోన్ అలాగే పట్టుకుని ఉంగరం తెమ్మని ఎవరినో కేకేసింది. కాసేపు ఏవో చప్పుళ్లు. తరవాత చెల్లి నవ్వు వినబడింది.

పాప ఉమ్మేసింది.